జోగయ్య పంతులు తలుపు పెట్టని గది

పూర్వం కంచుకొండ రాజ్యంలో జోగయ్య అనే బడిపంతులు ఉండేవాడు. ఆయనకు వచ్చిన విద్యలు రెండే. ఒకటి, పిల్లలచేత ఇసుకలో ఓనమాలు దిద్దించడం. రెండోది, వీరుల కథలు చెప్పడం. పులిని చెవి పట్టుకుని ఊరు దాటించిన గొల్లపిల్లవాడు, తెగిన గట్టుకు అడ్డం పడుకుని పంటను కాపాడిన బెస్తవాడు, ఇలా ఊరూరా ముసలమ్మలు చెప్పుకునే కథలన్నీ ఏరి తెచ్చి, పిల్లలు చదువుకునేలా తాటాకుల మీద గంటంతో రాసేవాడు. ఏడాదికొక పుస్తకం తయారయ్యేది. రాజుగారు వాటికి నకళ్ళు రాయించి రాజ్యంలోని బడులన్నిటికీ పంపించేవారు.

పంతులుగారు ప్రతి కథనూ ముందు తన బడిలో పిల్లలకు చెప్పి, తర్వాతే ఆకుకెక్కించేవాడు. మామూలుగా కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే చెప్పేవాళ్ళు కూడా ఆగిపోతారు. అది తాతల నాటి ఆచారం. కాని నలభైమంది పిల్లలు ఒక్కసారిగా ఊఁ కొడితే బడి సంతలా తయారవుతోందని పంతులుగారు దాన్ని తన బడిలో మాన్పించేశాడు. కథ ఎత్తుకునే ముందు “నోటిమీద వేలు!” అనేవాడు. పిల్లలందరూ చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని, గుడ్లప్పగించి వినేవాళ్ళు. మధ్యలో ఎవరైనా సందేహం అడిగితే మళ్ళీ “నోటిమీద వేలు!” అనేవాడు. పాపం, మంచివాడే, కాని సందేహాలంటే ఆయనకు తగని చిరాకు.

ఆయనకు మరో అలవాటు కూడా ఉండేది. వీరుడు ఏ బోనులోనో, ఏ బావిలోనో చిక్కుకోగానే ఆ రోజుకి కథ ఆపేసేవాడు. మర్నాడు ఒక్క పిల్లవాడు కూడా బడి ఎగ్గొట్టేవాడు కాదు. అలా ఒకనాడు గొడ్డలి సింగన్న అనే కట్టెలవాడి కథ చెబుతూ, సింగన్నను నల్లమడుగు అడుగున ఒక ఇనుపగదిలో పడేశాడు. పిల్లల కళ్ళు పెద్దవి కావడం చూసి పంతులుగారికి ఉత్సాహం వచ్చింది. “ఆ గదికి తలుపు లేదు. కిటికీ లేదు. పైకప్పులో బెత్తెడు కన్నం మాత్రం ఉంది. కాపలా రాక్షసుడు రోజూ అందులోంచి వెదురుగొట్టంతో గంజి పోస్తాడు. వాడికి గుండె లేదు. లోపలివాడు తప్పుదారిలో బయటపడాలని చూస్తే, చూసినప్పుడల్లా కప్పు మూరెడు కిందికి దిగుతుంది. ఆ కప్పు ఎవరి మాటా వినదు, కథ ఎలా నడిపిస్తే అలా నడుస్తుంది. సింగన్న అందులో పన్నెండేళ్ళున్నాడు,” అని చెప్పి లేచిపోయాడు.

మర్నాడు అమావాస్య సెలవు. ఆ రోజంతా పంతులుగారు తల పట్టుకుని కూర్చున్నాడు. సింగన్నను బయటికి తెచ్చే ఉపాయం ఆయనకు తట్టలేదు. గదిని అంత గట్టిగా కట్టేశాడు మరి! పాడ్యమినాడు బడికి వచ్చి, ఏమీ ఎరగనట్టు వేరే వీరుడి కథ ఎత్తుకున్నాడు. గానుగ వాళ్ళ అమ్మాయి తవిటమ్మ లేచి, “పంతులుగోరూ, మరి సింగన్న ఏటయ్యాడండీ?” అంది. జవాబు ఏం వచ్చిందో మీకు తెలుసు. తవిటమ్మ వేలు నోటిమీద పెట్టుకుని కూర్చుంది.

అయితే ఆ కథ వింటున్నవాళ్ళు నలభైమంది కాదు, నలభై ఒక్కరు. బడి వెనక చింతచెట్టు మీద చేటంత చెవులున్న రాక్షసుడొకడు ఎన్నో ఏళ్ళుగా కాపురముంటున్నాడు. కొమ్మల్లో ఒదిగి కూర్చుని, తనూ నోటిమీద వేలేసుకుని, ఒక్క రోజు మానకుండా కథలు విన్నాడు. సింగన్న కథ సగంలో ఆగిపోయినప్పటి నుంచీ వాడికి తిండి సహించలేదు. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని ఏడాది ఎదురుచూశాడు. చివరికి ఒకనాటి మధ్యాహ్నం చింతకాయలు ఏరుకుంటున్న పదకొండుమంది పిల్లలు మాయమైపోయారు. వాళ్ళలో తవిటమ్మ ఉంది, రాజుగారి ఒక్కగానొక్క కొడుకు కేసరి కూడా ఉన్నాడు.

కంచుకొండలో పొయ్యిలు వెలగలేదు. మూడోనాడు చింతచెట్టులోంచి తిరగలి తిప్పినట్టు ఒక గొంతు వినిపించింది. “జోగయ్య పంతులు నల్లమడుగుకు రావాలి! సింగన్న కథకు ముగింపు తీసుకురావాలి! ఒక్కడే రావాలి!”

వీరకేసరి మహారాజు పంతులుగారిని పిలిపించాడు. రాజుగారి కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. “పంతులుగారూ, ఆ ముగింపేదో చెప్పి మా పిల్లల్ని తీసుకురండి. పదిరోజులు చూస్తాను. పదో రోజున సైన్యంతో మడుగు దగ్గరికి వస్తాను. ఇంతకీ ముగింపేమిటి?” అని అడిగాడు.

పంతులుగారు నీళ్ళు నమిలాడు. “దారిలో... ఆలోచిస్తాను ప్రభూ,” అన్నాడు.

అలా ఏభై ఏళ్ళు దాటిన మనిషి, అడవి ముఖం ఎరగని మనిషి, మోకాళ్ళ నొప్పులతో అడవిలోకి బయలుదేరాడు. తన పుస్తకాల్లో వీరులు ఏడు అడవులను ఒక్క వాక్యంలో దాటేసేవాళ్ళు. ఒక్క అడవి దాటడానికి ఎన్ని ముళ్ళు గుచ్చుకుంటాయో ఆయనకు అప్పుడు తెలిసింది.

రెండో రోజున పుట్టల మధ్య తపస్సు చేసుకుంటున్న ఒక ముని కనిపించాడు. పంతులుగారికి ప్రాణం లేచివచ్చింది. సాష్టాంగపడి, “స్వామీ, ఇనుపగది పగిలే మంత్రమేదైనా ఉపదేశించండి,” అని వేడుకున్నాడు.

ముని కళ్ళు తెరిచి నిట్టూర్చాడు. “నువ్వు నాలుగోవాడివి నాయనా. ఎవరో పంతులు రాసిన పుస్తకాలు చదివి, అడవిలో ముని కనిపిస్తే మంత్రం ఇస్తాడనుకుని వచ్చేస్తున్నారు. నాకు మంత్రాలు రావు. నేను కళ్ళు మూసుకుని ఉండటం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. రేగుపళ్ళున్నాయి, తింటావా?”

పంతులుగారు తలవంచుకుని రేగుపళ్ళు తిన్నాడు. ఆ పుస్తకాలు రాసింది తనేనని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

ఎనిమిదో రోజుకి నల్లమడుగు చేరాడు. నీళ్ళు కాటుకలా ఉన్నాయి. గట్టున బండిచక్రమంత తాబేలు ఎండకు పడుకుని ఉంది. అది మెడ చాచి మనిషిలాగే మాట్లాడింది. “కథల పంతులువి నువ్వేనా? ఎక్కు, దింపేస్తాను.”

“మళ్ళీ పైకి తీసుకొస్తావా?” అన్నాడు పంతులుగారు.

“దింపమని చెప్పారు. తీసుకురమ్మని ఎవరూ చెప్పలేదు,” అంది తాబేలు.

పంతులుగారు వెనక్కి తిరిగి చూశాడు. అడవి కనిపించింది, దారి కనిపించింది. ఎవరూ ఆయన్ని పట్టుకుని లేరు. కాని నీళ్ళకింద ఉన్నవాళ్ళు తన బడిపిల్లలు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని తాబేలు వీపు ఎక్కాడు.

మడుగు అడుగున, రాక్షసమాయ వల్ల నీళ్ళు గొడుగులా పైకి నిలిచి, కింద పొడినేల ఉంది. ఆ నేలమీద నల్లటి ఇనుపగది! మూలలు, అంచులు, కన్నం, అన్నీ తను చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. దాని కప్పుమీద చేటచెవుల రాక్షసుడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వాడు కిందికి దిగి, కప్పును కుండమూతలా ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో పంతులుగారిని పిలకపట్టి లోపల దింపి, మళ్ళీ మూసేశాడు.

“పంతులుగోరొచ్చారు!” అంటూ పదకొండుమంది పిల్లలు ఆయన్ని చుట్టేశారు. వాళ్ళు చిక్కిపోయారు కాని, ఏడవడం లేదు. వీరుడొచ్చి కాపాడతాడని పుస్తకాల్లో చదివినవాళ్ళు కదా! వాళ్ళ ముఖాల్లోని ఆ నమ్మకం చూస్తే పంతులుగారికి భయం రెట్టింపైంది. గది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉంది. కప్పు ఆయన తలమీద జానెడు ఎత్తులో ఉంది. పిల్లలు అంతకుముందే రెండుసార్లు నేల తవ్వబోతే, రెండుసార్లూ మూరెడు చొప్పున దిగిందట.

కన్నంలోంచి ఒక పెద్ద కన్ను లోపలికి చూసింది. “పంతులూ, నువ్వు చెప్పావు, నాను కట్టాను. తలుపెట్టలేదు. కిటికీ ఎట్టలేదు. ఈ పిల్లలు ఎలాగొస్తారో చూద్దారని ఎట్టాను. ఆళ్ళు రాలేదు. ఇప్పుడు చెప్పు. సింగన్న ఎలాగొచ్చాడు?”

పంతులుగారు గొంతు సవరించుకున్నాడు. అలవాటు ప్రకారం, “నోటిమీద వేలు!” అన్నాడు. పిల్లలందరూ వేళ్ళు పెట్టుకున్నారు. పైన రాక్షసుడు కూడా పెట్టుకున్నాడు.

“ఒకనాడు సింగన్న దైవాన్ని ధ్యానించగా ఒక మహాముని ప్రత్యక్షమై దివ్యమంత్రం ఉపదేశించాడు. సింగన్న ఆ మంత్రం పఠించగానే గది నూరు ముక్కలైంది,” అని చెప్పాడు.

“ఏదీ, ఆ మంత్రం చదువు,” అన్నాడు రాక్షసుడు.

పంతులుగారు తెల్లబోయాడు. ఎన్నో పుస్తకాల్లో ‘మంత్రం పఠించగానే’ అని రాశాడు కాని, ఆ మంత్రమేమిటో ఎన్నడూ రాయలేదు. నోటికొచ్చిన నాలుగు ముక్కలు గట్టిగా చదివాడు. గది పగల్లేదు. కిర్రుమని చప్పుడు చేసి, కప్పు మూరెడు కిందికి దిగింది. పంతులుగారు నడుం వంచాల్సివచ్చింది.

“ఆగమను! కప్పు ఆగమను!” అని అరిచాడాయన.

“అది నా మాట ఇనదు. ఎవరి మాటా ఇనదని నువ్వే చెప్పావు,” అన్నాడు రాక్షసుడు. వాడి గొంతులోనూ కంగారుంది.

సాయంత్రం వెదురుగొట్టం దిగింది. పిల్లలు వరసగా కుండ పట్టి గంజి తాగారు. “ఉప్పు సరిపోనాదా?” అని పైనుంచి రాక్షసుడు అడిగాడు. “ఆ మూల సన్నగా ఉన్న గుంటడికి జొన్నగంజి పడట్లేదు. ఈరోజు బియ్యంనూకతో కాశాను. తాగాడా?” తాగాడని తవిటమ్మ చెప్పింది. పంతులుగారు ఇవేవీ వినిపించుకునే స్థితిలో లేడు. మోకాళ్ళమీద తలపెట్టుకుని రెండో ముగింపు వెతుక్కుంటున్నాడు.

మర్నాడు చెప్పాడు. “సింగన్న గొడ్డలి ఎత్తి, శక్తినంతా కూడగట్టుకుని ఒక్క వేటు వేశాడు. ఇనుపగోడ రెండుగా చీలింది.”

రాక్షసుడు కిందికి దిగి, కప్పు అంచు కొంచెం ఎత్తి ఒక గొడ్డలి లోపలికి జారవిడిచాడు. “కానీ. కొట్టు.”

పంతులుగారు జన్మలో కట్టెలు కొట్టి ఎరగడు. వంగిన నడుంతోనే గొడ్డలి ఎత్తి కొట్టాడు. గోడ ఖంగుమంది. చేతులు జిల్లుమన్నాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. గోడమీద గోటిగీత కూడా పడలేదు. కప్పు మాత్రం మళ్ళీ మూరెడు దిగింది. ఇక ఎవరూ నిలబడే వీల్లేదు. పిల్లలు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. యువరాజు కేసరి మొదటిసారిగా ఏడ్చాడు. వాడి ఏడుపు ఇనుపగోడలకు తగిలి మళ్ళీ మళ్ళీ వినిపించింది.

మూడోనాడు పంతులుగారు తన దగ్గర మిగిలిన ఆఖరి ఉపాయం తీశాడు. “సింగన్న చచ్చినవాడిలా పడుకున్నాడు. శవాన్ని బయట పారేద్దామని రాక్షసుడు కప్పు ఎత్తాడు. వెంటనే సింగన్న దూకి పారిపోయాడు.” ఇలా చెప్పి, తానూ నాలుక బయటపెట్టి పడుకున్నాడు. పిల్లలూ అలాగే పడుకున్నారు.

పైనుంచి పెద్ద కన్ను లోపలికి తొంగి చూసింది. తర్వాత రాక్షసుడు బాధగా అన్నాడు. “పంతులూ, చచ్చినట్టు పడుకుంటారని నువ్వే చెప్పేశావు కదా. ఇంక నాను ఎలాగ మోసపోతాను?”

కప్పు కిర్రుమంది. ఈసారి అది కూర్చున్నవాళ్ళ తలలను తాకింది. అందరూ వెల్లకిలా పడుకోవాల్సివచ్చింది. ముఖానికీ ఇనుముకీ మధ్య మూరెడు మిగిలింది. ఇంకొక్క తప్పు జరిగితే పన్నెండు ప్రాణాలూ ఆ గదిలోనే పోతాయి. ఊపిరి తీస్తే అది ఇనుముకు తగిలి వేడిగా మళ్ళీ ముఖంమీదే పడుతోంది. పంతులుగారికి తన పుస్తకాలన్నీ గుర్తుకొచ్చాయి. ఎంతమంది వీరుల్ని ఎన్ని గదుల్లో పడేసి, హాయిగా ఇంటికెళ్ళి భోజనం చేశాడో! లోపల ఉన్నవాడికి ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆయనకు సిగ్గేసింది.

పక్కనే పడుకున్న తవిటమ్మ మెల్లగా అంది. “పంతులుగోరూ, ఒకటడగనా?”

“నోటిమీద...” అనబోయి ఆయన ఆగిపోయాడు. “అడుగమ్మా.”

“సింగన్న ఎలాగొచ్చాడో తవరికి తెలీదు కదండీ?”

ముప్ఫై ఏళ్ళుగా బడి నడిపిన జోగయ్య పంతులు ఏ పిల్లవాడి ముందూ అనని మాట అది. చివరికి అన్నాడు. “తెలియదమ్మా. అప్పుడూ తెలియదు. ఇప్పుడూ తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ పడి మీ నోళ్ళు మూయించాను. నావల్లే మీరిక్కడ పడ్డారు.” ఆయన కళ్ళ నీళ్ళు రెండు చెవుల్లోకీ కారాయి.

చేటచెవులకు ఆ మాట వినబడకుండా ఉంటుందా? పైన ధబ్బుమని చప్పుడైంది. రాక్షసుడు కప్పుమీద చతికిలబడ్డాడు. “తెలీదా!” అన్నాడు. “ఏడాదిపాటు నాను తిండి మానేసి కూకుంటే, నీకు తెలీదా!” వాడు అరవలేదు. దెబ్బ తిన్న పిల్లవాడిలా అన్నాడు.

పంతులుగారు కన్నంలో కనిపించే ఆ కన్నువైపు చూశాడు. ఇన్నాళ్ళూ దాన్ని చూసి భయపడ్డాడే తప్ప, ఆ కన్ను కింద నల్లటి చారలున్నాయని అప్పుడే గమనించాడు. “నాయనా, ఏడాదిపాటు నువ్వు ఈ గది గురించే ఆలోచించావు. నేను ఒక్కరోజే ఆలోచించాను. సింగన్న ఎలా వచ్చి ఉంటాడని నీకనిపించింది?” అని అడిగాడు.

“నన్నా అడుగుతున్నావు?”

“నిన్నే.”

రాక్షసుడు చెవులు ముడుచుకున్నాడు. “నవ్వకూడదు,” అన్నాడు. “నీ పుస్తకాల్లో అలాగ ఎక్కడా రాలేదు. తప్పయితే కప్పు దిగిపోద్ది. నాకు బయమేస్తంది.”

“మాకూ భయంగానే ఉంది. అయినా చెప్పు.”

“సింగన్న... గదిలో ఉన్నాడు,” అని మొదలుపెట్టాడు రాక్షసుడు. “కాపలావోడు పైన ఉన్నాడు. రోజూ గంజి పోసేవోడు.” అక్కడ ఆగిపోయాడు. గదిలో ఏ చప్పుడూ లేదు. “మీరు ఇనట్లేదు! నాకు చెప్పడం రాదు!” అన్నాడు.

పంతులుగారు తల తిప్పి చూశాడు. పదకొండుమంది పిల్లలూ వెల్లకిలా పడుకుని, కథ మొదలైంది కాబట్టి నోటిమీద వేళ్ళు పెట్టుకుని ఉన్నారు. తను నేర్పినట్టే ఎంత బుద్ధిగా ఉన్నారో!

“ఊఁ,” అన్నాడు జోగయ్య పంతులు.

పిల్లలు విస్తుపోయి ఆయనవైపు చూశారు. తర్వాత తవిటమ్మ వేలు తీసేసి “ఊఁ” అంది. కేసరి “ఊఁ” అన్నాడు. పదకొండు గొంతులు ఒకటయ్యాయి.

రాక్షసుడికి ప్రాణం కుదుటపడింది. “కాపలావోడికి గుండె లేదని అందరూ అనీవోరు. లోపల చేయెట్టి చూసినోడు ఒక్కడూ లేడు.”

“ఊఁ,” అన్నాడు పంతులుగారు. ఆ ఊఁ అనడం ఆయనకు చాలా కష్టమైంది. అలా రాసింది తనే మరి.

“పన్నెండేళ్ళు మడుగు కింద కాపలావోడికి సింగన్నే తోడు. గంజి పోసి, ఉప్పు చాలిందా అని అడిగీవోడు. చాలిందనీవోడు సింగన్న. అదొక్క మాట ఇనడానికే ఆడు తెల్లారి లేచీవోడు.”

“ఊఁ.”

“ఒకరోజు గంజి పోస్తే లోపల్నించి మాట రాలేదు. సింగన్నా అన్నాడు. పలకలేదు. ఓ సింగన్నా అన్నాడు. పలకలేదు. కాపలావోడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.”

“ఊఁ. అప్పుడు?”

“అప్పుడు కప్పు ఎత్తేశాడు.”

కథంతా విన్న జోగయ్య పంతులు, జీవితంలో మొదటిసారిగా, వినేవాడిలా ఒక సందేహం అడిగాడు. “ఎందుకు ఎత్తాడు నాయనా? అలా ఎత్తడానికి వాడికి ఎవరి ఆజ్ఞా లేదే!”

“ఎందుకేటి పంతులూ!” రాక్షసుడు లేచి కప్పుమీంచి కిందికి దూకాడు. “పన్నెండేళ్ళు గంజి పోసినోడు! అవతలోడు ఒకపూట తాగలేదంటే ఎత్తకుండా కూకుంటాడా? ఆజ్ఞలు ఎతుక్కుంటాడా? ఇలాగ ఒంగాడు. ఇలాగ అంచు పట్టుకున్నాడు. ఇలాగ...”

కప్పు కదిలింది. లోపల అందరూ కళ్ళు మూసుకున్నారు. కాని అది కిందికి రాలేదు. జానెడు లేచింది, మూరెడు లేచింది, చివరికి పూర్తిగా పైకి లేచిపోయింది. నీళ్ళ గొడుగులోంచి పచ్చని వెలుగు వాళ్ళ ముఖాలమీద పడింది. రాక్షసుడు ఆ ఇనుపకప్పును రెండు చేతులతో తలమీద ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. తను ఏం చేశాడో వాడికి అప్పుడే తెలిసినట్టుంది. చెంపలమీద నీళ్ళు ధారలు కట్టాయి. “ఇదే, పంతులూ. ఇదే ముగింపు. బాగుందా?” అన్నాడు.

“నేను రాసినవాటిలో ఒక్కటీ ఇంత బాగాలేదు,” అన్నాడు పంతులుగారు. అది నిజం కాబట్టి ఆయనకు చెప్పడం కష్టం కాలేదు.

రాక్షసుడు కప్పును దూరంగా విసిరేసి, పిల్లల్ని భుజాలమీద, చెవులమీద, తలమీద కూర్చోబెట్టుకుని, పంతులుగారిని చంకనెత్తుకుని మడుగులోంచి పైకి తేలాడు. ఆనాటికి పదో రోజు. గట్టు పొడుగునా వీరకేసరి మహారాజు సైన్యం బారులు తీరి ఉంది. నీళ్ళలోంచి రాక్షసుడి తల పైకి రాగానే వెయ్యి బల్లేలు ఒక్కసారిగా లేచాయి.

ఆ సైనికుల్లో ప్రతివాడూ చిన్నప్పుడు జోగయ్య పంతులు పుస్తకాలు చదివినవాడే. రాక్షసుడు కనిపిస్తే ఏం చెయ్యాలో వాళ్ళకు నేర్పింది ఆయనే. రాక్షసుడు పిల్లల్ని ఒక్కొక్కరినే, చివరికి పంతులుగారిని గట్టుమీద దింపి, తాను మోకాలిలోతు నీళ్ళలో తలవంచుకుని నిలబడ్డాడు. తర్వాత ఏం జరుగుతుందో వాడికీ తెలుసు. వాడూ ఆ కథలు విన్నవాడే కదా.

“పిల్లలు దిగారు! వెయ్యండి!” అన్నాడు సేనాపతి.

జోగయ్య పంతులు తిరిగి నీళ్ళలోకి పరుగెత్తాడు. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో తెలియదు. రాక్షసుడి ముందు నిలబడి, బొబ్బలెక్కిన చేతులు రెండూ చాపాడు. తల వాడి నడుముదాకా కూడా రాలేదు. “ఆగండి! ముందు నన్ను పొడవండి!” అని అరిచాడు.

“తప్పుకోండి పంతులుగారూ! వాడు రాక్షసుడు!” అన్నాడు రాజు.

“కాదు మహారాజా,” అన్నాడు పంతులుగారు. “ఇతను మా బడిలో పిల్లవాడు.”

యువరాజు కేసరి వెళ్ళి తండ్రి చేతిలోని కత్తి పట్టుకుని కిందికి దించాడు. ఒక్కొక్క బల్లెమే వాలిపోయింది. రాక్షసుడు మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచీ పంతులుగారి వీపువైపే చూస్తూ ఉండిపోయాడు. “గురువుగారూ,” అన్నాడు చాలాసేపటికి.

ఆ తర్వాత కంచుకొండలో పదిరోజులు పండగ జరిగింది. పంతులుగారు సింగన్న కథను పూర్తిచేసి, ఆఖరి ఆకుమీద ‘ఈ ముగింపు చేటచెవుల రాక్షసుడు చెప్పినది’ అని రాశాడు. పాత పుస్తకాలన్నీ ముందేసుకుని, ‘గుండె లేదు’ అని ఉన్నచోటల్లా మళ్ళీ ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆ పని ఆయనకు జీవితాంతం సరిపోయింది. కేసరి పెద్దవాడై రాజ్యం ఏలాడు. తవిటమ్మ అతని కొలువులో మంత్రిణి అయి, ఎవరికీ తోచని సందేహాలు అడిగి ఎన్నో తప్పు తీర్పుల్ని ఆపించింది.

ఇక రాక్షసుడు. పండగ ముగిసిన మర్నాడే వాడు బడికి వచ్చాడు. గుమ్మంలో పట్టక వాకిట్లోనే కూర్చున్నాడు. పంతులుగారు బయటికి వచ్చి, రోకలంత ఉన్న ఆ చూపుడువేలు రెండు చేతులతో పట్టుకుని, ఇసుకలో దిద్దించడం మొదలుపెట్టాడు. ఒక్క ‘ఓ’ రాయడానికే వాకిలంతా నిండిపోయింది. మిగతా అక్షరాలకోసం పిల్లలు ఏటినుంచి తట్టలతో ఇసుక మోసుకొచ్చారు. ఆ రోజు బడి వదిలేసరికి బాగా పొద్దుపోయింది.